గీత దాటితే మొత్తం మీదా, దాటిన ముక్క మీదేనా?

జీతగాడు_77
జీతం ఇప్పుడు ఏడాదికి 12.70 లక్షలు. 13.20 చేస్తామంటున్నారు. కొత్త రెజీమ్‌లో (కొత్త పన్ను విధానంలో) 12.75 దాటితే మొత్తం మీద టాక్స్ పడుతుందనీ, 60 వేల పైనే పోతుందనీ, ఈ హైక్ వద్దని రాసివ్వడమే మేలనీ ఒకరి సలహా. స్లాబ్ దాటితే దాటిన ముక్క మీదే టాక్స్, భయం అక్కర్లేదని ఇంకొకరు. రెంటిలో ఏది నిజం? 2025-26 ఆర్థిక సంవత్సరానికి అంకెలతో చెప్పండి, నీతులు వద్దు.

మిడిల్‌బెంచ్
దాటిన ముక్క మీదే. ఇంత చిన్న విషయానికి ఒక థ్రెడ్డా!

పద్దుపుస్తకం
చిన్న విషయం కాదు మిడిల్‌బెంచ్ గారూ, మీరే సగం చెప్పారు. స్లాబు వేరు, రిబేటు వేరు.

స్లాబుల వరకు మీరన్నది కరెక్టే. మొదటి 4 లక్షలకు సున్నా, 4 నుంచి 8కి 5 శాతం, 8 నుంచి 12కి 10, 12 నుంచి 16కి 15, 16 నుంచి 20కి 20, 20 నుంచి 24కి 25, ఆపైన 30. ఏ ముక్కకు ఆ రేటే. పన్ను పడే ఆదాయం 16 లక్షలైతే "నేను 15 శాతం కడుతున్నా" అంటుంటారు. లెక్క వేస్తే 1,20,000. అంటే మొత్తం మీద 7.5 శాతం.

చిక్కంతా రిబేటు దగ్గర. 12 లక్షల దాకా స్లాబు ప్రకారం 60,000 టాక్స్ పుడుతుంది, ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 87ఏ కింద దాన్ని పూర్తిగా మాఫీ చేస్తారు, రిబేటు అంటే అదే. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (ఏ బిల్లూ చూపించకుండా జీతంలోంచి తీసేసే మొత్తం) కూడా ఉంది కాబట్టి 12.75 లక్షల జీతానికి సున్నా. 12 లక్షలు దాటగానే ఆ మాఫీ ఎగిరిపోతుంది. అందుకే మార్జినల్ రిలీఫ్ అని ఒకటి పెట్టారు: టాక్స్ ఎంత తేలినా సరే, 12 లక్షల పైన మీరు సంపాదించిన దాన్ని మించకూడదు.

మీ కేసు: 13,20,000 లోంచి 75,000 తీస్తే 12,45,000. స్లాబు లెక్కన 66,750. కానీ 12 లక్షల పైన ఉన్నది 45,000 మాత్రమే, కాబట్టి టాక్స్ 45,000. దాని మీద 4 శాతం సెస్సు 1,800. మొత్తం 46,800.

60 వేలు పోవు. అలాగని ముక్క మీద 15 శాతమే అనుకుని 6,750తో సరిపెట్టుకుంటే అదీ తప్పే. దాటిన ముక్క ముక్కంతా పోతుంది.

టీబ్రేక్
అంటే హైక్ కంపెనీ ఇచ్చింది, ప్రభుత్వం పుచ్చుకుంది. మధ్యలో మన పని సంతకం పెట్టడం.

ఎక్సెల్‌రాణి
పద్దుపుస్తకం గారి లెక్కకు ఒక ముక్క కలుపుతున్నా, చాలామంది ఇక్కడే జారతారు. మార్జినల్ రిలీఫ్ సెస్సుకు ముందు. సెస్సు దాని తర్వాత పడుతుంది. కాబట్టి ఆ మేరలో ఒక రూపాయి ఎక్కువ వస్తే రూపాయీ నాలుగు పైసలు పోతాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

జీతం 12,75,000: టాక్స్ సున్నా, చేతికి 12,75,000
జీతం 13,20,000: టాక్స్ 46,800, చేతికి 12,73,200
జీతం 13,48,934: టాక్స్ సుమారు 73,934, చేతికి మళ్లీ 12,75,000

చివరి అంకె ఎలా వచ్చిందంటే, 12 లక్షల పైన మొత్తాన్ని క్ష అనుకోండి. 1.04 × (60,000 + 0.15 క్ష) = క్ష. అంటే 62,400 = 0.844 క్ష. క్ష దాదాపు 73,934. తొమ్మిదో తరగతి లెక్కే.

రిలీఫ్ మాత్రం అంతకంటే కాస్త ముందే, పన్ను పడే ఆదాయం 12,70,588 (జీతం 13,45,588) దగ్గర ఆగిపోతుంది. 60,000ను 0.85తో భాగిస్తే వచ్చే 70,588ని 12 లక్షలకు కలిపితే అదే. ఆ తర్వాత రూపాయికి 84.4 పైసలు మిగులుతాయి.

జీతగాడు_77
ఇప్పుడు చేతికొచ్చేది 12,70,000. హైక్ తర్వాత 12,73,200. యాభై వేలు పెంచితే మిగిలేది 3,200. అంతేనా?

టీబ్రేక్
నెలకు 266 రూపాయల 67 పైసలు. ఆఫీసులో ఎవరూ పార్టీ అడక్కండి.

మిడిల్‌బెంచ్
సరే, రిబేటు సంగతి మర్చిపోయాను, ఒప్పుకుంటున్నా. అయినా హైక్ వద్దనడం శుద్ధ తెలివితక్కువ. వచ్చే ఏడాది 8 శాతం పెంచారనుకోండి, రేట్లు ఇవే ఉన్నాయనుకోండి. 13.20 మీదైతే 14,25,600, 12.70 మీదైతే 13,71,600. రెండూ పెంపు మింగేసే ఆ గుంట (13,48,934) దాటినవే. తేడా 54,000, టాక్సు, సెస్సు పోను చేతికి 45,576. పైగా బేసిక్ పెరిగితే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా పెరుగుతాయి. ఒక్క ఏడాది గుంటను చూసి పునాది తగ్గించుకుంటారా?

ఎక్సెల్‌రాణి
ఇది మాత్రం నూటికి నూరు కరెక్ట్.

లెక్కలమాస్టారు
"గీత దాటితే మొత్తం మీద పడుతుంది" అనే భయం జనానికి ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. ఊరికే పుట్టలేదు. కరెంటు బిల్లులోంచి వచ్చింది.

తెలంగాణలో 2022-23 టారిఫ్ తీసుకోండి. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ లాంటివి పక్కన పెట్టి ఎనర్జీ చార్జీ వరకే చూద్దాం. నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి 100కి 3.40 చొప్పున 340, తర్వాతి 100కి 4.80 చొప్పున 480, మొత్తం 820. మీటరు 201 చూపిస్తే కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 కూడా 5.10 చొప్పున 1,020 అవుతాయి, 201వ దానికి 7.70. మొత్తం 1,027.70.

ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు!

ప్రతి నెలా ఈ బిల్లు చూసే మనిషి ఇన్‌కమ్ టాక్స్ కూడా ఇలాగే ఉంటుందనుకోవడంలో తప్పేముంది? రెంటినీ "స్లాబు" అనే పిలుస్తున్నాం మరి.

గోదారిగట్టు
మాస్టారూ, మా వైపు అలా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఇళ్లకు పూర్తి టెలిస్కోపిక్. 30 దాకా 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. 225 యూనిట్లకు 57 + 135 + 225 + 600 = 1,017. 226వ యూనిట్‌కు 8.75, అంతే. వెనకవాటి జోలికి పోదు.

లెక్కలమాస్టారు
అదే నా పాయింటు. పేరు ఒకటే, లెక్కలు రెండు. ఎక్కడ గీత కనపడినా ముందు అడగాల్సింది ఒకటే: దాటితే వెనకవాటి రేటు కూడా మారుతుందా, ముందున్నదానికేనా?

టీబ్రేక్
201వ యూనిట్ కాల్చిన బల్బు ఏదో కనిపెట్టి దానికి సన్మానం చేయాలి.

పద్దుపుస్తకం
టాక్సులో కరెంటు బిల్లు తరహా గీత అసలు లేదనుకోకండి. పాత రెజీమ్‌లో ఉంది. అక్కడ 5 లక్షల దాకా రిబేటు 12,500, మార్జినల్ రిలీఫ్ మాత్రం లేదు. పన్ను పడే ఆదాయం 5,00,000 అయితే సున్నా. 5,00,010 అయితే 12,502, సెస్సుతో కలిపి 13,000. ఆదాయాన్ని పదికి సవరిస్తారు కాబట్టి 5,00,004 అయితే బతికిపోతారు, 5,00,005 అయితే 5,00,010కి ఎక్కుతారు. ఒక్క రూపాయికి 13 వేలు. కరెంటు వాళ్లు నయం.

జీతగాడు గారికి అసలు హెచ్చరిక వేరే ఉంది. జీతం సరిగ్గా 12.75 దగ్గర ఆపుకున్నా సరే, బ్యాంకు వడ్డీ మర్చిపోతే గీత దాటినట్టే. ఎఫ్‌డీ మీద 18,000 వడ్డీ వచ్చిందనుకోండి. ఆదాయం 12,18,000 అయింది. టాక్స్ 18,000, సెస్సు 720. వడ్డీ మొత్తం పోయి, ఎదురు 720 జేబులోంచి. సేవింగ్స్ వడ్డీకి పాత రెజీమ్‌లో ఉండే పదివేల మినహాయింపు ఇక్కడ లేదు. ఏడాదికి 50,000 దాటకపోతే బ్యాంకు టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోయదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. పన్ను శాఖ దగ్గరుండే మన ఆదాయాల చిట్టా ఏఐఎస్‌లో మాత్రం పైసలతో సహా కనిపిస్తుంది.

షేర్‌ఖాతా
షేర్లు అమ్మినవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఏడాది లోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభానికి 20 శాతం ప్రత్యేక రేటు, దానికి 87ఏ మాఫీ వర్తించదు. జీతం లెక్కన 11 లక్షలు, షేర్ల లాభం 50,000 ఉంటే మొత్తం 11.5 లక్షలే, 12 దాటలేదు. అయినా 10,000 టాక్సు, 400 సెస్సు కట్టాల్సిందే. "12 లక్షల దాకా సున్నా" అన్నది మామూలు రేట్లు పడే ఆదాయానికి.

జీతగాడు_77
షేర్లు లేవు. ఎఫ్‌డీ ఉంది. ఈ గుంటలో పడకుండా దారేమైనా ఉందా, హైక్ వదులుకోకుండా?

ఎక్సెల్‌రాణి
ఉంది. హైక్‌లో కొంత భాగాన్ని కంపెనీ చేతే ఎన్‌పీఎస్‌లో (జాతీయ పెన్షన్ పథకంలో) వేయించుకోండి. కంపెనీ వాటా కింద బేసిక్, డీఏ మీద 14 శాతం దాకా కొత్త రెజీమ్‌లోనూ మినహాయింపు ఉంది. మీరు సొంతంగా కడితే లేదు. కంపెనీ పేరు మీదే, జీతం నిర్మాణంలో భాగంగానే వెళ్లాలి.

45,000 అలా మళ్లిస్తే పన్ను పడే ఆదాయం సరిగ్గా 12,00,000. టాక్స్ సున్నా. చేతికి 12,75,000, ఎన్‌పీఎస్‌లో 45,000. మళ్లించకపోతే చేతికి 12,73,200, ఎన్‌పీఎస్‌లో సున్నా. అంటే నగదు కూడా 1,800 ఎక్కువ.

మిడిల్‌బెంచ్
ఎన్‌పీఎస్‌లో వేసింది ఏళ్ల తరబడి చాలావరకు కదలదు. ఇరుక్కున్న డబ్బును లాభం అనడం నాకు నచ్చదు.

ఎక్సెల్‌రాణి
మామూలు మేరలో అయితే మీతో వాదించను. 15 శాతం టాక్సు తప్పించుకోవడానికి వందను పాతికేళ్లు కట్టేయాలా అన్నది మంచి ప్రశ్నే. ఇక్కడ మాత్రం పోటీ "చేతిలో వంద, ఎన్‌పీఎస్‌లో వంద" మధ్య కాదు. చేతిలో మైనస్ నాలుగుకూ, ఎన్‌పీఎస్‌లో వందకూ మధ్య.

మిడిల్‌బెంచ్
...సరే.

టీబ్రేక్
మిడిల్‌బెంచ్ రెండుసార్లు ఒప్పుకున్న థ్రెడ్ ఇది. స్క్రీన్‌షాట్ తీసిపెట్టా.

అద్దెకొంప
పాత రెజీమ్ మేలా, కొత్తదా? జీతం 15 లక్షలు, హోమ్‌లోన్ ఉంది.

పద్దుపుస్తకం
వెనక నుంచి లెక్కేయండి. కొత్తదాంట్లో 14.25 లక్షల మీద 93,750, సెస్సుకు ముందు. పాతదాంట్లో అంతే టాక్స్ రావాలంటే ఆదాయం 9,06,250కి దిగాలి (మొదటి 5 లక్షలకు 12,500, మిగతా 4,06,250 మీద 20 శాతం 81,250). అంటే 15 లక్షల్లోంచి 5,93,750 తగ్గాలి. స్టాండర్డ్ డిడక్షన్ 50,000 పోను 5,43,750 మీరు చూపించాలి. 80సీ (పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటి పొదుపులు) ఒకటిన్నర లక్ష, ఇంటి లోను వడ్డీ 2 లక్షలు, సొంతంగా కట్టే ఎన్‌పీఎస్ 50,000, హెల్త్ ప్రీమియం 25,000 కలిపినా 4,25,000. ఇంకా 1,18,750 కావాలి. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కూడా క్లెయిమ్ చేయగలిగితేనే పాతది. లేదంటే కొత్తదే.

చీటీపాట
టాక్సులో నాలుగు వేలకు ఇంత కిందామీదా పడతారు, లోను తీసుకునేటప్పుడు మాత్రం "10 పర్సెంటే అన్నా" అని సంతకం పెట్టేస్తారు. దేని మీద 10 అని ఎవరూ అడగరు.

లక్ష రూపాయలు, 12 నెలలు, ఫ్లాట్ 10 శాతం. వడ్డీ 10,000, కట్టాల్సింది 1,10,000, నెలకు 9,167. ఆరో నెల వచ్చేసరికి అసలు దాదాపు సగం తీరిపోతుంది, వడ్డీ మాత్రం ఏడాది పొడుగునా లక్ష మీదే. మీ దగ్గర నిజంగా ఉన్న బాకీ మీద లెక్కేస్తే అది దాదాపు 18 శాతం.

మన పెద్దల లెక్కలో చెప్పుకుంటే ఇంకా తేలిక. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. ఫ్లాట్ 10 అంటే రూపాయి లోపు అనుకుంటాం, తీరా చూస్తే రూపాయిన్నర వడ్డీ. క్రెడిట్ కార్డు నెలకు 3.5 శాతం అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ రేటు అడిగితే రచ్చబండ దగ్గర పంచాయితీ పెడతారు. కార్డు మీదైతే "మినిమమ్ డ్యూ కట్టాను" అని ఊరుకుంటాం. అది వడ్డీ మీద వడ్డీ కూడా. 1.035ను పన్నెండుసార్లు హెచ్చవేస్తే 1.51, అంటే ఏడాదికి 51 శాతం.

మిడిల్‌బెంచ్
ఫ్లాట్‌ను అసలు రేటుకు మార్చే సూత్రం ఉంది కదా. ఫ్లాట్ × 2న / (న+1), న అంటే నెలలు. 12 నెలలకు 18.46 వస్తుంది.

ఎక్సెల్‌రాణి
అది ఉజ్జాయింపు, ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. 12 నెలలకు అసలుది 17.97, తేడా చిన్నదే. 36 నెలలకు ఆ సూత్రం 19.5 అంటుంది, అసలుది 17.9. కాలం పెరిగే కొద్దీ దాన్ని నమ్మకండి. ఎక్సెల్‌లో రేట్ ఫంక్షన్‌కు నెలల సంఖ్య, ఈఎంఐ మైనస్ గుర్తుతో, చేతికొచ్చిన అసలు ఇవ్వండి. వచ్చిందాన్ని 12తో హెచ్చవేయండి.

"చేతికొచ్చిన" అన్నది గమనించండి. ప్రాసెసింగ్ ఫీజు 2,000 పట్టుకుని 98,000 ఇస్తే అక్కడ 98,000 వేయాలి. అప్పుడు 18 కాస్తా దాదాపు 22 అవుతుంది. ఫీజు "2 శాతమే" అంటారు. ఆ రెండు శాతం ఏడాది ఆఖర్న కాదు, మొదటి రోజే పోతుంది. సగటు బాకీ చూస్తే లక్షలో సగం చిల్లరే. అందుకే 2 కాస్తా 4 అయి కూర్చుంటుంది.

అద్దెకొంప
నో కాస్ట్ ఈఎంఐ?

చీటీపాట
నగదుకు డిస్కౌంట్ ఉందా అని అడగండి. ఫోను 30,000, ఇప్పుడే కడితే 28,000, లేదంటే నెలకు 2,500 చొప్పున 12 నెలలు. మీరు అప్పు తీసుకున్నది 28,000. వడ్డీ దాదాపు 13 శాతం, మన లెక్కలో రూపాయి పైన ఓ ఎనిమిది పైసలు. ఘోరం కాదు, ఉత్తదీ కాదు. డిస్కౌంట్ అసలు లేకపోతే, ఫీజులూ లేకపోతే, అప్పుడు నిజంగా నో కాస్టే. తీసుకోండి.

పోపులపెట్టె
ఇంటి ఖర్చులో కాకిలెక్కలు ఎక్కడ పుడతాయంటే, నెలవారీ ఖర్చుల్లో కాదు. ఏడాదికోసారి వచ్చేవాటిలో. స్కూలు ఫీజు 72,000, హెల్త్ ప్రీమియం 24,000, బండి ఇన్సూరెన్సు 6,000, పండగలు 30,000 అనుకుంటే మొత్తం 1,32,000. నెలకు 11,000. ఇది ప్రతి నెలా ఖర్చయిపోయినట్టే రాసుకుని వేరే ఖాతాలోకి నెట్టేయాలి. అలా రాయనివాళ్లకే జూన్‌లో కార్డు మీద మూడున్నర రూపాయల వడ్డీ మొదలవుతుంది.

ఇంకోటి, కరెంటు బిల్లుకు సగటు తీసి బడ్జెట్ వేయకండి. మాస్టారు చూపించిన గీత ఉన్నచోట సగటు అబద్ధం చెబుతుంది. పది నెలలు 180 యూనిట్లు, ఎండాకాలం రెండు నెలలు 300 అయితే సగటు 200. సగటు ప్రకారం 820 సరిపోవాలి, ఏడాదికి 9,840. నిజం బిల్లు చూడండి. 180కి 724, పది నెలలకు 7,240. 300కి 1,020 + 770 = 1,790, రెండు నెలలకు 3,580. మొత్తం 10,820.

లెక్కలమాస్టారు
బాగా పట్టారు! తొమ్మిది వందల ఎనభై తేడా సగటులోనే మాయమైంది.

క్లెయిమ్‌కాగితం
వెనకవాటి రేటు కూడా మార్చేసే గీత హెల్త్ ఇన్సూరెన్సులో ఉంది. రూమ్ రెంట్ లిమిట్. చాలామందికి బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది.

పాలసీ 5 లక్షలు, రూము అద్దె రోజుకు 1 శాతం, అంటే 5,000. మీరు 8,000 రూము తీసుకున్నారు, 4 రోజులు. "పై మూడు వేలు నేను కట్టుకుంటా, 12,000తో పోతుంది" అనుకుంటారు. పోదు. రూము రకాన్ని బట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటివాటి రేట్లు కూడా మారతాయని చెప్పి, వాటిని 5/8 నిష్పత్తిలో కోస్తారు.

రూము 32,000: ఇచ్చేది 20,000
సర్జన్, థియేటర్, నర్సింగ్ వగైరా 1,60,000: ఇచ్చేది 1,00,000
మందులు 40,000: పూర్తిగా 40,000

బిల్లు 2,32,000, వచ్చేది 1,60,000, మీ జేబులోంచి 72,000. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ చార్జీలు ఈ కోతలోకి రాకూడదు. రూమును బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో ఈ కోతే ఉండకూడదు. డిశ్చార్జి షీట్‌లో వాటికీ కోసి ఉంటే ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన చూపించి అడగొచ్చు. పాలసీ కొనేటప్పుడే రూమ్ రెంట్ లిమిట్ లేనిది చూసుకుంటే ఈ గోలే ఉండదు.

గోదారిగట్టు
ఆసుపత్రి దాకా వచ్చాం కాబట్టి అడుగుతున్నా. ఫాస్టింగ్ షుగర్ 125 అయితే "ప్రీ", 126 అయితే "షుగర్". ఒక్క పాయింటుకు మనిషి మారిపోతాడా? ఇదీ 201వ యూనిట్ లాంటిదేనా?

ల్యాబ్‌కోటు
శరీరంలో గీత లేదు, కాగితం మీద ఉంది. 1997 దాకా ఆ గీత 140. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దాన్ని 126కు దించింది. కాబట్టి 125ను చూసి పండగ చేసుకోనక్కర్లేదు, 126ను చూసి కూలబడనక్కర్లేదు. లక్షణాలేవీ లేకపోతే ఒక్క రీడింగుతో షుగర్ అని తేల్చరు, ఇంకో పరీక్షతో ఖాయం చేసుకోవాలి.

ఇంట్లో గ్లూకోమీటరుతో అసలు తేల్చకూడదు. ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం 100 పైన రీడింగుల్లో నూటికి 95 ల్యాబ్ విలువకు 15 శాతం లోపు తేడాతో ఉంటే ఆ మీటరు పాస్. 126కు 15 శాతం అంటే 19. మంచి మీటరే 107 చూపించొచ్చు, 145 చూపించొచ్చు. వెంటవెంటనే రెండు వేళ్లు గుచ్చి 118, 127 వచ్చాయని మీటరు పారేసేవాళ్లున్నారు. అది సరిగ్గానే పనిచేస్తోంది.

అద్దెకొంప
హెచ్‌బీఏ1సీ 7 అన్నారు. ఫాస్టింగ్ 112 వస్తోంది. ల్యాబ్ తప్పా?

ల్యాబ్‌కోటు
రెండూ వేరు కొలతలు. ఏ1సీ రెండు మూడు నెలల సగటును చెబుతుంది. 28.7తో హెచ్చవేసి 46.7 తీసేయండి: 7 అంటే సగటు 154, 6.5 అంటే 140. ఫాస్టింగ్ 112 ఉండి సగటు 154 అంటే తిన్న తర్వాత బాగా ఎక్కుతోందని అర్థం. తిన్న రెండు గంటలకు కొన్ని రోజులు చూసి రాసుకుని డాక్టరుకు చూపించండి. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే ఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, అది కూడా అడగండి.

బీపీకి అయితే సగటే రాజు. ఏడు రోజులు, ఉదయం రెండు, సాయంత్రం రెండు, మొత్తం 28 రీడింగులు. మొదటి రోజు నాలుగూ కొట్టేసి మిగతా 24 సగటు తీయండి. ఇంట్లో కొలతకు గీత 135/85, క్లినిక్‌లో వాడే 140/90 కాదు. పట్టీ చేతికి చిన్నదైతే రీడింగు ఎక్కువ చూపిస్తుంది, దానికి ఏ సగటూ మందు కాదు.

మిడిల్‌బెంచ్
ఫుల్ బాడీ చెకప్‌లో ఎప్పుడూ ఒకటో రెండో బోల్డ్ అక్షరాల్లో వస్తాయి. ల్యాబుల వ్యాపారం అని నా అనుమానం.

లెక్కలమాస్టారు
వ్యాపారం సంగతేమో గానీ లెక్క మాత్రం ఇది. చాలా పరీక్షల్లో "నార్మల్" హద్దు అంటే ఆరోగ్యవంతుల్లో మధ్యన ఉండే 95 శాతం మంది విలువలు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనే నూటికి ఐదుగురు ఆ హద్దు బయట పడతారు. 20 పరీక్షలు చేయిస్తే అన్నీ హద్దు లోపలే ఉండే అవకాశం 0.95ను ఇరవైసార్లు హెచ్చవేస్తే వచ్చే 0.36. అంటే నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒక్కటైనా బోల్డ్‌లో వచ్చే అవకాశం 64 శాతం. 40 పరీక్షలైతే 87.

ల్యాబ్‌కోటు
మాస్టారూ, పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే ఆ అంకెలు సరిగ్గా వస్తాయి. కొలెస్ట్రాల్ పెరిగితే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) పెరుగుతుంది, అవి రెండు పరీక్షలు కావు. కాబట్టి 64 కంటే కొంత తక్కువే ఉంటుంది. హద్దుకు అటూఇటూ ఒకటి రెండు పాయింట్లుంటే మళ్లీ చేయించడం, రెట్టింపు ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లడం.

ఎల్‌డీఎల్ మాటొచ్చింది కాబట్టి: చాలా ల్యాబుల్లో దాన్ని కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్ 200, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 40, ట్రైగ్లిజరైడ్స్ 150 అయితే 200 − 40 − 150/5 = 130. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనిచేయదు. ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువ చూపించి మనల్ని మురిపిస్తుంది. అప్పుడు డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయమని అడగాలి.

టీబ్రేక్
హైక్ అడగడానికి వచ్చిన మనిషికి ఏ1సీ దాకా చూపించి పంపుతున్నాం.

జీతగాడు_77
పర్లేదు, చదువుతున్నా. హెచ్‌ఆర్‌ను ఎన్‌పీఎస్ అడిగితే ఉందన్నారు, కానీ బేసిక్ 40 శాతమేనట. ఎఫ్‌డీ వడ్డీ ఏడాదికి 22,000 వస్తుంది. సరిపోతుందా?

ఎక్సెల్‌రాణి
13.20లో 40 శాతం 5,28,000. దాని మీద 14 శాతం 73,920, అదీ మీ గరిష్ఠం. మీకు కావాల్సింది 45,000 + 22,000 = 67,000. సరిపోతుంది. కాస్త ఎక్కువే వేయించండి, సేవింగ్స్ ఖాతా వడ్డీ మీరింకా చెప్పలేదు.

జీతగాడు_77
అది 1,140.

పద్దుపుస్తకం
అయితే 68,140. ఏప్రిల్‌లో ఏఐఎస్ చూసి తల పట్టుకోకుండా 70,000 అని రాసివ్వండి.